నేను లాక్కున్న కర్ర

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఇప్పుడు మూడు రోజుల శిక్షణ ఇస్తున్నారు. మొదటి రోజు ఓర్పు గురించి చెబుతారు. రెండో రోజు ప్రేమ గురించి చెబుతారు. మూడో రోజు భోజనం బాగుంటుంది. ఆ తర్వాత మెడలో ఒక కార్డు వేసి, భుజానికి ఒక సంచి తగిలించి, తలకు దెబ్బ తగిలిన మనిషి ఇంటికి పంపిస్తారు. ఆ మనిషి మీ కార్డు చూడడు. అన్నం పళ్లెం మీ మీదికి విసురుతాడు. ఓర్పు పాఠం ఏ కాగితంలో ఉందో వెతుక్కునేలోపు పప్పు చీర మీద ఆరిపోతుంది.

గోదావరిఖనిలో ఒక చిన్న సంస్థలో నేను ఇరవై రెండేళ్లు ఈ పని చేశాను. దవాఖాన ప్రాణం నిలబెట్టి మనిషిని ఇంటికి పంపుతుంది. ఇంటికొచ్చిన ఆ మనిషి చొక్కా ఎలా తొడుక్కోవాలి, చెప్పుల్లో ఏది ఏ కాలిదో ఎలా గుర్తుపట్టాలి, పెళ్లాం పేరు మరిచిపోయినప్పుడు ఆమెను ఏమని పిలవాలి, ఇవేవీ దవాఖాన కాగితం మీద ఉండవు. అవి నేర్పడానికి మేం ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. ఊళ్లో మమ్మల్ని ఏమనాలో ఎవరికీ తెలియలేదు. కొందరు నర్సమ్మ అన్నారు, కొందరు ఆయమ్మ అన్నారు. ఒకాయన మాత్రం నన్ను ప్రతిసారీ కరెంటు బిల్లు మనిషి అనుకుని మీటరు చూపించేవాడు.

బొమ్మలు, అక్షరాలు

పనిలో చేరిన రోజు నాకు ఒక్క అక్షరం రాదు. ఎవరింట్లో ఏం చెయ్యాలో గుర్తుండాలి కదా, అందుకని ఒక పుస్తకంలో బొమ్మలు గీసుకునేదాన్ని. చెంబు గీస్తే స్నానం. గీతలున్న గుండ్రం గీస్తే మాత్ర. ఒకరోజు ఆ పుస్తకం చూసి ఒక రోగి తనంతట తానే లేచి చెంబు తెచ్చుకున్నాడు. అప్పటినుంచి అందరి గోడల మీదా బొమ్మలు అంటించాను. మా డైరెక్టరు సారు అది చూసి దానికి ఒక ఇంగ్లీషు పేరు పెట్టి, హైదరాబాద్ మీటింగులో చెప్పి, శాలువా కప్పించుకుని వచ్చారు. నాకు చదువు రాకపోవడమే ఆ పద్ధతికి మూలమని శాలువా కప్పినవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. పుట్టుకతోనే కాళ్లు చేతులు వంకరపోయిన ఒక ఆడపిల్ల నేర్పింది. నేను ఆమెకు జడ వేస్తుంటే, ఆమె కాలి బొటనవేలితో పేపరు మీద చూపిస్తూ "గిది క, గిది గ, గింత పెద్దదానివి గింతగూడ రాదా" అని తిట్టేది. ఓర్పు, ప్రేమ శిక్షణ ఆమెకెవరూ ఇవ్వలేదు. అయినా నాకు చదువు వచ్చింది.

ఇంకొకామెకు పక్షవాతం. ఏడాది పాటు నేనే అన్నం కలిపి నోట్లో పెట్టాను, నా అంత మంచిది ఇంకెవరూ లేనట్టు. ఒకరోజు జ్వరం వచ్చి నేను వెళ్లలేదు. ఆమె ఎడమ చేత్తో కలుపుకుని తినేసింది. "నువ్వు ఎప్పుడన్న ఆగితివా, నేను తినెటందుకు?" అని మర్నాడు అడిగింది. సహాయం చేసేవాళ్ల తొందర గురించి నాకు తెలిసినదంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. అయినా తర్వాత ఓదెలు విషయంలో అంతకంటే పెద్ద తప్పే చేశాను. ఈ కాగితాలు నింపుతున్నది దాన్ని చెప్పడానికే.

ఓదెలు ఇల్లు

ఓదెలు బొగ్గు గనిలో సర్దార్. గని లోపల ఒక గుంపు కార్మికులకు ముందు నడిచే మనిషి. తలమీద గట్టి టోపీ లేకుండా ఎవరినీ గనిలో ఒక్క అడుగు వెయ్యనిచ్చేవాడు కాదట. అదే మనిషి ఒక పొద్దున, హెల్మెటును మోటారు సైకిలు అద్దానికి తగిలించుకుని ఫస్టు షిఫ్టుకు బయలుదేరి, రోడ్డు మీద ఇసుకలో జారి తల పగలగొట్టుకున్నాడు. ఆయనకు జాగ్రత్త నేర్పిన గని భూమి కింద ఉంది, ఆయన పడింది భూమి మీద.

నెలల తర్వాత ఇంటికి వచ్చాడు. కుడి చెయ్యి సరిగా లేవదు. మాటలు పదో పదిహేనో మిగిలాయి. ఇక పనికి పనికిరాడని కాగితం వచ్చింది, ఆయన బదులు అల్లుడు తిరుపతికి గనిలో ఉద్యోగం వచ్చింది. ఒకే పూట ఆ ఇంట్లో ఒక గదిలో ఏడుపు, ఇంకో గదిలో మిఠాయి డబ్బా. నవ్వకండి, మా దగ్గర చాలా ఇళ్లలో అంతే.

రెండు గదుల స్లాబు ఇల్లు. ఓదెలు, భార్య రాజక్క, కూతురు రజిత, అల్లుడు తిరుపతి, తొట్టెలలో ఆరు నెలల మనవరాలు. నడవడానికి పట్టుకొమ్మని రాజక్క ఆయనకు కొనకు ఇనుప పొన్ను ఉన్న కర్ర ఇచ్చింది. ఆయన దాంతో నడవలేదు. ఎడమ చేత్తో దాన్ని ఎత్తి ఇంటి పైకప్పును తట్టడం మొదలుపెట్టాడు. గడప దగ్గర నిలబడి, ఎవరినీ లోపలికి రానీయకుండా మోచెయ్యి అడ్డం పెట్టి, ఒక తట్టు తట్టి, చెవి పక్కకు వంచి వినేవాడు. ఒక అడుగు ముందుకు వేసి మళ్లీ తట్టేవాడు. రెండు గదులూ అయ్యాక మళ్లీ గడప దగ్గరి నుంచి మొదలు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఇదే. తట్టీ తట్టీ పైకప్పు సిమెంటు పెచ్చులు ఊడసాగాయి. ఒకటి తొట్టెలలో పడింది. పాపకు తగల్లేదు, అంతే.

రజిత నన్ను చూడగానే అరిచింది. "అక్కా, మా బాపును నువ్వు ఆపుతవా, లేకుంటె నేనే పిల్లనేసుకొని పోవాల్నా? చెప్పు!"

తిరుపతి అరవలేదు, అరిస్తే నయంగా ఉండేది. "కరీంనగర్ తొవ్వల ఒక ఆశ్రమం ఉన్నదక్క. గిసొంటోళ్లను మంచిగ సూస్తరట. మాట్లాడిన" అన్నాడు.

ఆ "అట" అనే మాట విన్నారా? చూసి వచ్చిన మనిషి ఎవరూ లేరు.

రాజక్క పొయ్యి దగ్గరి నుంచి లేవకుండానే అంది. "ఆయనను పంపితె నేను గుడ పోత. ఆడ ఆడోళ్లను ఉంచుకోరట. అయితె గేటు ముంగట కూసుంట."

"నాకు ఒక్క నెల ఇయ్యుండ్రి" అన్నాను నేను. పెద్ద ఇంజనీరులాగా అన్నాను.

"నెల అంటె నెలనే. దాటితె ఆదివారం బండి పిలుస్త. మల్ల నన్ననద్దు" అన్నాడు తిరుపతి.

"తగ్గింది" అన్న గడి

మా డైరెక్టరు సారు కోస్తా వైపు నుంచి వచ్చినవారు. మంచివారే. ఎవరి ఇంటికీ వెళ్లకుండానే అందరి గురించీ చెప్పగలిగేవారు.

"ఇది రిపిటీటివ్ బిహేవియర్ అండీ లక్ష్మిగారూ. ఆ కర్ర తీసేయండి, అలవాటు దానంతటదే పోతుంది" అన్నారు.

సారు చెప్పారు కాబట్టి చేశానని ఇక్కడ రాసుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. కానీ సారు చెప్పకముందే నేను ఆ కర్ర మీద కన్ను వేశాను. ఆయన భోజనం చేస్తున్నప్పుడు గోడ వార నుంచి తీసి, కొంగు చాటున పెట్టుకుని మా ఇంటికి తీసుకుపోయి మంచం కింద పడేశాను. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషిని, దొంగతనం కూడా శుభ్రంగా చేశాను.

ఆ రోజు సాయంత్రం దాకా ఆయన కర్ర కోసం వెతికాడు. మర్నాడు ముఖం కడుక్కోవడానికి బయటికి వచ్చి, తిరిగి గడప దాకా వెళ్లి ఆగిపోయాడు. పైకి చూశాడు. చేతుల వంక చూసుకున్నాడు. లోపలికి పోబోతున్న రాజక్కను చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి "వద్దు" అన్నాడు. ఆమె ఆయన చేతి కింద నుంచి వంగి లోపలికి పోయింది, పొయ్యి మీద పాలున్నాయి మరి. ఆయన గడప బయట నిలబడి ఆమె తిరిగి వచ్చేదాకా "వద్దు, వద్దు" అంటూనే ఉన్నాడు.

ఇక ఆయన ఇంట్లోకి రాలేదు. ముంగిట్లో ఎండలో కూర్చున్నాడు. అక్కడే తిన్నాడు, అక్కడే మంచం వేయించుకున్నాడు. పక్కింటి రేకుల కిందికి రమ్మన్నా పోలేదు. రాజక్క గొడుగు పడితే తోసేశాడు. వాన వచ్చింది, తడిశాడు, జ్వరం తెచ్చుకున్నాడు.

మా ఆఫీసు ఫారంలో "పైకప్పు తట్టుట" అని రాసి, "పూర్తిగా తగ్గింది" అన్న గడిలో టిక్కు పెట్టాను. అబద్ధం కాదు. ఇంట్లోకి రావడం కూడా పూర్తిగా తగ్గింది అని రాయడానికి గడి లేదు. సారు మురిసిపోయి ఆ కాగితాన్ని నివేదికలో కలిపి పైకి పంపించారు.

నెల నిండింది. తిరుపతి నన్ను తన వాకిట్లోనే నిలదీశాడు. "ఇంట్ల ఉన్నప్పుడు పెచ్చులు రాల్చిండు. ఇప్పుడు ఇంట్లకే రాడు. గిదేనా అక్క నీ ఇలాజు? ఆదివారం బండి అస్తది."

నేను సంచి తడుముకున్నాను. అందులో ఆఫీసు ఫారాలు మాత్రం ఉన్నాయి.

మల్లయ్య కాక

శనివారం మల్లయ్య కాక వచ్చాడు. ఓదెలు కింద ఏళ్ల తరబడి బొగ్గు తవ్వి, రిటైరైన మనిషి. సర్దార్‌ను పంపించేస్తున్నారని విని, పోయేముందు ఒకసారి చూద్దామని వచ్చాడు. ముంగిట్లో ఓదెలు పక్కన నేల మీదే కూర్చున్నాడు.

"లోపలికి రా కాకా, చాయ్ పెడుతున్నరు" అన్నాను.

"సర్దార్ బయట కూసుండంగ నేనెట్ల లోపలికి పోత?"

మర్యాద అనుకున్నాను. కాదు.

"కర్రేది?" అని అడిగాడు.

"నేనే తీసుకపోయిన కాకా. పైకప్పు పాడుచేస్తున్నడని."

కాక నన్ను కిందినుంచి మీదిదాకా చూశాడు. "నువ్వెన్నేండ్ల సంది ఉంటున్నవు గీ కోల్‌బెల్టుల?"

"పుట్టింది గీడనే."

"మరి గింత తెల్వదా తల్లీ? గనిల అందరికన్న ముందు సర్దార్ పోతడు. కర్రతోని పైకప్పు తడతడు. సప్పుడు గట్టిగుంటె రమ్మంటడు. డొల్లగుంటె కప్పు కూలుతదన్నట్టె, ఎంత పెద్ద ఆఫీసరైన బయట నిలవడుడే. గాయిన కర్ర సప్పుడు ఇన్నంకనే నేను రోజు పనిలకు పోయిన. గందుకే గిట్ల పాణంతోని నీ ముంగట కూసున్న. మీరంత పిచ్చి పిచ్చి అంటున్నరు, ఆయన డ్యూటీ చేస్తున్నడు. నువ్వేమో ఆయన చేతులకెల్లి కర్ర గుంజుకపోతివి. తట్టని కప్పు కిందికి తను పోతడా? పెండ్లాం పిల్లలను పోనిస్తడా?"

ఓదెలు మాకేసి చూడటం లేదు. ఇంటి గడపకేసి చూస్తున్నాడు. లోపల పాప ఏడుస్తోంది.

మా ఇంటాయన కూడా గనిలోనే చేశాడు. డ్యూటీ నుంచి రాగానే నీళ్లు తోడిపెట్టాను, అన్నం పెట్టాను, మసి బట్టలు ఉతికాను. లోపల ఏం చేస్తావయ్యా అని ఒక్కరోజు అడగలేదు. ఓదెలు విషయంలోనూ అంతే. ఆయనకు ఏమేం చేతకావో నాలుగు పేజీలు నింపాను. ఆయనకు ఏం చేతనవునో ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే ఆ ఇంటి గోడ మీద వేలాడుతున్న టోపీయే చెప్పేది.

బండి వచ్చిన ఆదివారం

మర్నాడు పొద్దున్నే కర్ర తీసుకుని పరుగెత్తాను. నాకంటే ముందే బండి వచ్చి వాకిట్లో ఆగి ఉంది. పైన రేకు ఉన్న వ్యాను. డ్రైవరు తన సీట్లో కూర్చుని పాటలు వింటున్నాడు. తిరుపతి లోపలికెక్కి మామ బట్టల సంచీ సర్దుతున్నాడు. రాజక్క గడప మీద కూర్చుంది. ఆమె చీర మార్చుకుని ఉంది. గేటు ముందు కూర్చుంటానన్న మాట ఉత్తదనుకున్నాను, కాదు.

కర్ర ఓదెలు చేతికిచ్చాను. క్షమించమని అడగలేదు, అడిగే తెలివి అప్పుడు లేదు.

ఆయన లేచాడు. గడప దగ్గరికి పోయి రాజక్కను పక్కకు జరగమన్నాడు. తట్టాడు, విన్నాడు. అడుగు వేశాడు. వారాల తర్వాత ఆ మనిషి తన ఇంట్లోకి పోయాడు. రెండు గదులూ తట్టి బయటికి వచ్చి, రాజక్కను చూసి చెయ్యి ఊపాడు, పో లోపలికి అన్నట్టు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

"అయింది గదా మామా. ఇగ బండి ఎక్కు" అన్నాడు తిరుపతి వ్యానులోంచే.

ఓదెలు మంచిగానే వచ్చాడు. వ్యాను తలుపు దగ్గర ఆగి కర్ర ఎత్తి పైరేకును ఒక్కటి తట్టాడు.

రేకు కదా. ఖాళీ డబ్బాలా డబ్బుమంది.

ఆయన ముఖం మారిపోయింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి డ్రైవరు చొక్కా పట్టుకుని గుంజాడు. "డొల్ల! బయటికి! బయటికి రాండ్రి!" ఆ ఇంట్లో నేను విన్న ఆయన మాటల్లో అన్నిటికంటే పెద్దది అదే.

"ఓ పెద్దమనిషీ, ఇడువు! కొత్త బండి, సొట్ట పడితె మా ఓనరు నన్ను సంపుతడు!" అని డ్రైవరు మొత్తుకుంటూ దిగాడు. దిగి, చొక్కా సర్దుకుని నవ్వాడు. "రేకు డొల్లగ గాక ఎట్లుంటదే? బంగారం లెక్క మోగుతదా?"

తిరుపతి నవ్వలేదు. అప్పుడు చూశాను, అతను బండిలో లేడు. ఎప్పుడు దూకాడో తెలియదు, ప్రహరీ గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. బట్టల సంచీ బండిలోనే ఉండిపోయింది. మామ "బయటికి" అన్నాడు, అల్లుడు బయట ఉన్నాడు. మధ్యలో ఆలోచించడానికి టైం తీసుకున్నట్టు లేదు.

"ఏమాయె తమ్మీ, ఎక్కియ్యి మరి" అన్నాడు డ్రైవరు.

"నువ్వు పో అన్నా" అన్నాడు తిరుపతి.

"ఏంది?"

"సర్దార్ డొల్లగున్నదన్నంక ఎవలను ఎక్కియ్యద్దు."

"ఓరి నీ! నువ్వు గుడనా?" డ్రైవరు నాకేసి చూశాడు, ఈ ఇంట్లో ఇంకెందరు ఇలాంటివాళ్లున్నారని అడుగుతున్నట్టు. సంచీ నా చేతిలో పెట్టి, పాట పెద్దగా పెట్టుకుని వెళ్లిపోయాడు.

తిరుపతి చాలాసేపు గోడ దగ్గరే ఉన్నాడు. "మా సర్దార్ గుడ గిట్లనే అంటడక్క. గదే మాట, గదే గొంతు. గనిల రోజు ఇంటున్న, ఇంట్ల ఇంటె ఎర్కపట్టలే" అన్నాడు, ఎవరో తనను తిట్టినట్టు.

చాక్‌పీసు

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ ఓదెలు ఆగలేదు. బండి మూల మలుపు తిరగకముందే మళ్లీ గడప దగ్గరికి పోయి తట్టడం మొదలుపెట్టాడు.

"మల్ల షురూ! పొద్దుందాక గిదే" అని రజిత నెత్తి కొట్టుకుంది.

తిరుపతి కాసేపు మామ పనినే చూశాడు. తర్వాత నన్నడిగాడు. "కర్ర ఇచ్చినవు. చాక్‌పీసు ఇచ్చినవా?"

"చాక్‌పీసు దేనికి బిడ్డా?"

"గనిల తట్టినంక గోడ మీద తారీఖు ఏసి సంతకం పెట్టాలె. రాయకుంటె సూసినట్టు గాదు. రాయలేదు గనుకనే మల్ల మల్ల తడుతున్నడు."

చదువు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని, రాస్తేనే పని పూర్తయినట్టని నాకు తట్టలేదు. తిరుపతి మూల మీది కిరాణా దుకాణానికి పోయి చాక్‌పీసులు తెచ్చాడు. ఓదెలు రెండు గదులూ తట్టి వచ్చాక చేతిలో పెట్టాడు. ఓదెలు దాన్ని చూశాడు. అల్లుడిని చూశాడు. "తారీఖు?" అని అడిగాడు. తిరుపతి చెప్పాడు. ఎడమ చేత్తో, వంకర టింకరగా, తలుపు చట్రం మీద తారీఖు, దాని కింద రెండక్షరాలు. రాసి, చాక్‌పీసు జేబులో వేసుకుని, మంచం లోపలికి తెమ్మని సైగ చేశాడు. పడుకున్నాడు.

మధ్యాహ్నం రెండో షిఫ్టు సైరన్ మోగితే లేచి ఇంకోసారి తట్టాడు, రాశాడు. రోజుకు రెండుసార్లు. అంతకన్నా ఎక్కువసార్లు ఇల్లు ఊడుస్తుంది రజిత. తట్టేటప్పుడు తొట్టెలను ముంగిట్లోకి తెచ్చుకుంటే సరిపోయింది. పొన్నుకు రబ్బరు తొడగమని సారు సలహా ఇచ్చారు. తొడిగాను. ఓదెలు ఒక్క తట్టు తట్టి, రబ్బరు పీకి నా ఒళ్లో వేశాడు.

నేను సారు దగ్గరికి పోయి ఆ టిక్కు కొట్టేయమన్నాను. "రిపోర్టు వెళ్లిపోయిందండీ, ఇప్పుడెలా?" అన్నారు. కాబట్టి మీ శిక్షణ మూడో రోజున, కర్ర తీసేస్తే అలవాటు పోయిన ఒక గని కార్మికుడి విజయగాథ ఎవరైనా చదివి వినిపిస్తే, భోజనం దగ్గర నన్ను తలుచుకోండి. ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం, ఆ మనిషి చేస్తున్నది మాన్పించేముందు, అది ఒకప్పుడు ఆయనకు ఏ పనిలో అక్కరకొచ్చేదో ఆ పని చేసినవాళ్లను అడగండి. మా సారును కాదు. నన్ను కూడా కాదు.

పని మానేసే ముందు చివరి వారం ఆ ఇంటికి పోయాను. తిరుపతి అప్పుడే ఫస్టు షిఫ్టు దిగి వచ్చాడు. ముఖమంతా బొగ్గు, ఆకలి. గడప దాకా పోయి ఆగి, నాకు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగక్క. మామ ఇంక సూడలే."

రాజక్క అప్పటికే బయట మనవరాలిని ఎత్తుకుని నిలబడి ఉంది. రజిత చేతిలో చాయ్ గిలాసలున్న పళ్లెం. సొంత ఇంటి ముందు అందరం వరుసగా నిలబడ్డాం. లోపల ఒక తట్టు, కాస్త నిశ్శబ్దం, ఇంకో తట్టు.

"బాపూ, చాయ్ సల్లారుతుంది! జల్ది కానీ!" అని కేక వేసింది రజిత.

లోపలి నుంచి జవాబు వచ్చింది. "ఆగు."

ఆగాం.